వెనక సీటు అత్త

“చీర గార్డు ఊడబీకేయమంటారా సార్? బండి నీటుగా కనపడుతుంది. అందరూ పీకిచ్చుకుంటాండారు.”

పోయిన వారం మైదుకూరు రోడ్డులోని షోరూంలో, పానా చేతిలో పట్టుకున్న మెకానిక్కు మా బామ్మర్దిని అడిగిన మాట ఇది. బండి వానిది. బేరం నాది. ప్రొద్దుటూరులో మా వీధిలో ఎవరు ఏ వస్తువు కొన్నా నన్ను వెంటబెట్టుకుని పోతారు. బట్టల అంగడిలో పుట్టి, గజంబద్ద పక్కన పెరిగినవాణ్ణి కాబట్టి నా నోటికి అంత గిరాకీ. ఆ పొద్దు కూడా హెల్మెట్టు ఉత్తగా ఇయ్యాల్సిందేనని, సీటు కవరు సంగతి వేరే అని మేనేజరుతో గొంతు పోయేదాకా వాదించి గెలిచి, మీసం మీద చెయ్యేసుకుని నిలబడి ఉన్నా. మెకానిక్కు ఆ మాట అడిగేసరికి మీసం మీది చెయ్యి కిందికి దించుకున్నా. బామ్మర్ది నా వైపు చూడలేదు. గోడ మీది క్యాలెండరు వైపు చూస్తా ఉండిపోయినాడు.

చీర కుచ్చిళ్లు వెనక చక్రంలో పడకుండా కాసే ఆ ఇనుప చట్రం పేరెత్తితే మా ఇద్దరికీ గుర్తొచ్చే మనిషి ఒకటే. వాళ్ల అమ్మ. నాకు అత్త. నాకే ఏంది, వీధి వీధికంతా అత్తే. పోయిన చలికాలం నిద్రలోనే పోయింది. “మనిషి కుదురుగా పండుకున్నది ఆ ఒక్క పొద్దే” అన్నాడు మా నాయన, పాడె లేచేముందు. నవ్వాల్నో ఏడవాల్నో తెలియక అందరం తలలు దించుకున్నాం.

పొట్టి మనిషి. మా అంగడి కౌంటరు ముందు నిలబడితే గడ్డం దాకా చెక్కే. చంకలో ఎప్పుడూ గళ్ల దుప్పటి మూట, అందులో మా అంగడి చీరలు. పొద్దున్నే వచ్చి ఏరుకుని పోయేది. జమ్మలమడుగు దిక్కు కొన్నూర్లు, పులివెందుల దిక్కు కొన్నూర్లు, ఇంటింటికీ తిరిగి అమ్మేది. బస్సంటే పడదు. “బస్సు దించేకాడ మనకు పనుండదు అల్లుడా. మనకు పనుండేకాడ బస్సు దించదు” అనేది. మామ ఉన్నన్నాళ్లు ఆయన బండి మీద తిరిగింది. మామ పోయినాక ఎవరి బండి వీధి దాటుతుంటే ఆ బండి.

వీధి మలుపులో నిలబడి ఒకటే ప్రశ్న: “యాడికి పోతాండావు?”

ఏ జవాబిచ్చినా తప్పించుకోలేం. ఒకసారి తెలివిగా, “సెలూనుకు పోతాండా అత్తా, జుట్టు కత్తిరిచ్చుకోవాల” అన్నా.

“పద. ఆ సెలూను ఎనక సందులో కొత్తగా పెండ్లైన పిల్ల ఉండాది” అని ఎక్కి కూచుంది. నా జుట్టు ఆ పొద్దు తెగలేదు. చీరలు తెగినాయి.

మా వీధిలో కొత్త బండి కొనేటప్పుడు ఆమెను షోరూంకు పిలుచుకుపోవడం ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. ఆమె వెనక సీటు మీద కూచుని ఊఁ అంటే ఆ బండి కలిసొస్తుందని ఒక నమ్మకం. నాకు అట్లాంటి నమ్మకాలు లేవు. బండంటే నాకు మూడే ప్రశ్నలు: లీటరుకు ఎంత దూరం పోతుంది, రేపు అమ్మితే ఎవరు కొంటారు, దీంతోపాటు ఉత్తగా ఏమిస్తారు. ఆమె ఈ మూడింట్లో ఒక్కటీ అడిగేది కాదు.

షోరూంవాడు ఇంజను గురించి మొదలుపెడితే, “అదంతా అట్లుండనీ నాయనా. ఎనక్కు రా” అనేది. సీటు మీద అరచెయ్యి పెట్టి, పిండి ముద్దను అదిమినట్టు అదిమేది. వెనక కమ్మీ పట్టుకుని ఒక్క ఎగురు ఎగిరి, పక్కకు తిరిగి కూచునేది. మూట ఒళ్లోకి తీసుకునేది.

“ఇప్పుడు బ్రేకు కొట్టు.”

“బండి నిలబడే ఉంది గదమ్మా!”

“ఊపు. మిగతాది నేను తెలుసుకుంటా.”

టై కట్టుకున్న మనిషి బండిని ముందుకూ వెనక్కూ ఊపేవాడు. మూట జారితే ఆ బండి పోయినట్టే. జారకపోతే సైలెన్సరు వేడి తన పిక్కకు తగుల్తుందో లేదో చూసుకునేది. చీర గార్డు పట్టుకుని గేటును కదిపినట్టు కదిపేది. ఆఖరుకు రెండు కుర్చీలు దగ్గర దగ్గరగా వేయించి, ఆ సందులో బండి తిప్పి చూపించమనేది. “మా కూరగాయల మార్కెట్టు ఇంతే ఉంటాది. ఈ ఊర్లో బండి నడిపేది తక్కువ అబ్బీ, తిప్పేది ఎక్కువ.”

అన్నీ అయినాక ఎడమ పక్క అద్దం. అది ఆమె సొంత జబ్బు. ఎవరి బండెక్కినా సరే, చెయ్యి చాచి ఆ అద్దాన్ని లోపలికి తిప్పుకునేది, నడిపేవాని మొగం తనకు కనపడేటట్టు.

“అత్తా, ఆ అద్దం ఎనక వచ్చే లారీలు చూసేదానికి.”

“ఎనక లారీలు నేను చూస్తాలే. నువ్వు ముందరికి చూడు. నేను నీ మొగం చూడాల.”

“నా మొగంలో ఏముండాది?”

“తొందరుండాదో లేదో చూస్తా. తొందరుంటే ఈడ్నే దిగిపోతా.”

ఒక్కరోజూ దిగలేదు. తొందర కనపడితే, “ఇంకొక్క ఇల్లే అబ్బీ” అనేది. లారీల మాట మాత్రం నిలబెట్టుకుంది. ఎర్రగుంట్ల దారంతా నాపరాళ్ల లారీలే గదా. నా చెవి వెనక, “లారీ… లారీ… ఇంకోటి… ఇది బస్సులే, పోనీ” అని ఆగకుండా కేకలు. ఇంటికొచ్చి అన్నం ముందు కూచున్నా చెవుల్లో లారీలు పోతానే ఉండేవి.

ఒక ఆదివారం పెండ్లికి పోయేదానికి వీధిలో బండ్లన్నీ మా అంగడి ముందర వరసగా నిలబెట్టినారు. నేను షట్టరు దించి తిరిగి చూస్తే ఏదో వింతగా కనపడింది. సీట్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి, దారం లాగి కట్టినట్టు. అన్నీ పొడుగు సీట్లే, చదును సీట్లే. అన్నిటికీ వెనక కమ్మీ, పక్కన గార్డు. మా వీధిలో తాటిచెట్టంత లెక్చరరు ఒకాయన ఉన్నాడు. ఆయన కూడా ఆ పొట్టి బండి మీదే మోకాళ్లు మోచేతులకు తగిలించుకుంటా కాలేజీకి పోతాడు. ఇన్నాళ్లూ ఆయన కూచునే తీరే అంత అనుకున్నాం.

అత్త పట్టుచీర కట్టుకుని వక్కాకు నముల్తా వచ్చింది.

“అత్తా, నువ్వు షోరూముల్లో చూసింది మా బండ్లా, నీ బండ్లా?”

“ఎక్కేది ఎవురు?” అంది.

“కొనేది మేము గదా!”

“కొనేది ఒక్క పొద్దు పని అల్లుడా. ఎక్కేది దినామూ.”

పక్కనే ఉన్న వెండంగడి భాయ్ కడుపు పట్టుకుని నవ్వినాడు. “ఏం సేఠూ! నువ్వు హెల్మెట్టు గెలుచుకుంటివి. అత్త బండ్లకు బండ్లే గెలుచుకునె!”

ఊరందరి బేరాలు నేనాడినానని తిరుగుతుంటే, నా వెనక కూచుని నాతోనే బేరమాడిన మనిషి ఆమె. కోపం రావాల్సింది. రాలేదు. ఒక అంగడోడు ఇంకో అంగడోన్ని చూసినప్పుడు పుట్టే మర్యాద పుట్టింది.

ఆ భాయ్ బండి మీదనే దెబ్బ తగిలింది. గార్డు గలగలమంటోందని ఆయన దాన్ని ఊడబీకించినాడు. ప్రతి బండినీ గార్డు పట్టుకుని కదిపి చూసే మనిషి, ఆ పొద్దు తొందరలో చూసుకోకుండా ఎక్కింది. జమ్మలమడుగులో సందు తిరుగుతుంటే కుచ్చిళ్లు చక్రంలో పడినాయి. బండి నిదానంగా పోతా ఉంది కాబట్టి మనిషి దక్కింది. మోకాలు మాత్రం బండకు తగిలి, మునుపటి ఎగురు ఎగరలేకుండా అయింది. భాయ్ ఆసుపత్రి మెట్ల మీద కూచుని ఆమెకంటే ఎక్కువ ఏడ్చినాడు.

మా బామ్మర్ది జమ్మలమడుగులో ఆఫీసు గుమాస్తా. బస్సులో పోయి బస్సులో వస్తాడు, గట్టిగా మాట్లాడడు. అట్లాంటివాడు ఇంటింటికీ వచ్చి చేతులు జోడించినాడు. “మా యమ్మను ఎవురూ బండెక్కిచ్చుకోవద్దండి. నాయన ఎట్లాగూ లేడు. ఆమెన్నా ఉండనీండి.” వాని గొంతులో కోపం ఉంటే బేరమాడేవాణ్ణి. ఉన్నది భయం. భయంతో ఏం బేరమాడతాం?

వీధి మాటిచ్చింది. నిలబెట్టుకుంది కూడా. అత్త మలుపులో మూట పట్టుకుని నిలబడితే బండ్లు వేగం పెంచేవి. “యాడికి పోతాండావు?” అంటే, “ఈడికే అత్తా, ఈడికే” అని గాలికి వదిలేసి పోయేవాళ్లు. ఒకాయన వెనక సీటుకు బియ్యం మూట కట్టుకుని తిరిగేవాడు, జాగా లేదని చెప్పేదానికి. భాయ్ ఆ మలుపు దిక్కే రావడం మానుకున్నాడు.

ఇంక ఆమె అవస్థ చూడాల. గేటు నుంచి మలుపుకు, మలుపు నుంచి గేటుకు. తోమిన గిన్నె మళ్లా తోమేది. మా అంగట్లోకి వచ్చి, నేను మడిచిపెట్టిన చీరలు విప్పి మళ్లా మడిచేది. కూచోమని స్టూలు వేస్తే స్టూలు చుట్టూ తిరిగేది. “ఇట్ల ఇంకొన్నాళ్లు కూచోబెడితే నేను చచ్చిపోతా అల్లుడా. మోకాలి నొప్పితో కాదు” అంది ఒకరోజు, మడత మీద చెయ్యి పెట్టి. ఎగతాళి మాట కాదది. ఆ పొద్దు ఆమె వక్కాకు కూడా వేసుకోలేదు.

అదే నెలలో నా పాత బండి పని అయిపోయింది. నేను బాగా ఆలోచించినా. బజారులో తిరిగేదానికి పొట్టి బండే మేలని నాకు తెలుసు. కానీ ఎత్తు బండి కొంటే అత్త అడగదు, కొడుకు నిష్ఠూరమాడడు, నేను కాదనే పనే ఉండదు. అంగట్లో పుట్టినవాని తెలివి అట్లాంటిది: నోటితో లేదనకుండా లేదనిపించడం. వెనక సీటు ఆకాశానికి లేచిన బండి ఒకటి చూసుకుని, వాడుక ప్రకారం ఆమెను ఆటోలో షోరూంకు పిలిపించినా.

బండి చుట్టూ ఒక్క చుట్టు తిరిగింది. సీటు మీద అరచెయ్యి పెట్టాలంటే చెయ్యి పైకెత్తాల్సి వచ్చింది. కమ్మీ పట్టుకుని ఎగిరింది. అందలేదు. మళ్లా ఎగిరింది. షోరూంవాడు చెయ్యి అందిస్తే ఆ చెయ్యి మీద ఒక్కటిచ్చింది. తర్వాత పైట సర్దుకుంది.

నేను నా మాటలన్నీ వరసగా పేర్చుకుని ఉన్నా. కడప దాకా పోవాల్సి వస్తుంటాదని, గుంతలకు ఎత్తు బండే మంచిదని. ఆమె ఒక్కటీ అడగలేదు.

“మంచి బండి. తీసుకో.”

“ఎనక సీటు ఎత్తేమో అత్తా…”

“నీ ఎనక ఎవురు కూచుంటారులే. గార్డు మాత్రం పీకియ్యొద్దు.”

చెప్పిన ధరకు గిరాకీ మారు మాట్లాడకుండా ఒప్పుకుంటే అంగడోనికి ఎట్లాంటి భయం పుడుతుందో, అట్లాంటి భయం పుట్టింది నాకు. యాడనో మోసపోయినా. యాడనో తెలియదు.

పొద్దున తెలిసింది. కొత్త బండికి నిమ్మకాయ కట్టి అంగడి కాడికి వచ్చేసరికి, మా అంగడి ముందరి నల్లబండ అరుగు మీద మూటతో నిలబడి ఉంది.

“దగ్గరికి తీయి.”

“అత్తా, నీ కొడుకు…”

“దగ్గరికి తీయి అబ్బీ.”

తీసినా. అరుగూ సీటూ సరిసమానం. ఎగిరే పనే లేదు. కుర్చీలో కూచున్నట్టు కూచుంది. ఎడమ అద్దం లోపలికి తిప్పుకుంది. “ఊఁ. పోనీ.”

సాయంత్రం బామ్మర్ది ఆఫీసు బ్యాగుతోనే అంగడికొచ్చినాడు.

“ఎక్కిచ్చుకోవద్దని చెప్తి గదా బావా!”

“నేనెక్కిచ్చుకోలేదప్పా. అరుగు ఎక్కిచ్చింది.”

వాడు నవ్వలేదు. బండి కాడికి పోయి, వంగి, గార్డును గట్టిగా కదిపి చూసినాడు, అచ్చం వాళ్లమ్మ మాదిరే. ఆ తర్వాత ఇంటికి పోయినాడు.

ఎక్కడం అయితే అయింది. దిగేదెట్ల? దిగేదానికీ అరుగు కావాల గదా. దాంతో ఆమె వ్యాపారమే మారిపోయింది. జమ్మలమడుగులో అరుగున్న ఇల్లే ఇల్లు, అరుగున్నవాళ్లే గిరాకీ. చీరలు బాగా కొనేవాళ్లయినా సరే, ఇంటి ముందర టైల్సు వేసి ఏటవాలుగా కట్టుకున్నారంటే వాళ్లను వదిలేసేది. “ఏం ఇండ్లు కడతాండారో! మనిషి దిగేదానికి లేదు” అని తిట్టుకుంటా పోయేది. ఏ సందులో ఏ అరుగు ఎంతెత్తో నాకు కూడా నోటికొచ్చేసింది.

పులివెందులలో ఆ లెక్క కుదరలేదు. వెడల్పు రోడ్లు, నడుమ డివైడర్లు, అంతా కొత్త ఇండ్లే. ఒక అరుగు కోసం ఆ ఎండలో తిరిగినాం, తిరిగినాం. అంగట్లో నా గిరాకీ ఏమైపోతుందో అని నాకు లోపల ఉడికిపోతా ఉంది. అద్దంలో ఆమె కండ్లు నా మొగం మీదనే ఉన్నాయి.

“తొందరుండాదా?”

“శానా ఉండాది అత్తా!” అనేసినా.

“అయితే దిగనులే. ఆ యాపచెట్టు కాడ పెద్ద స్టాండు వెయ్యి.”

వేసినా. నేను మాత్రమే దిగినా. ఆమె సీటు మీదనే ఉండి, నేను ఖాళీ చేసిన జాగాలో మూట విప్పింది. ట్యాంకు మీద రెండు, హ్యాండిలు మీద ఒకటి చీరలు పరిచింది. “ఓయమ్మా, రాండి, చూసేదానికి దుడ్లు అడగనులే!” అని ఒక్క కేక. ఆడవాళ్లు చుట్టూ చేరినారు. ఎప్పుడూ అందరి మొగాలూ తల ఎత్తి చూసే పొట్టి మనిషి, ఆ పొద్దు అందరినీ పైనుంచి చూసింది.

“ఏయ్ అబ్బీ, ఆ పచ్చది భుజాన యేసుకోని అంచు చూపీ.”

ప్రొద్దుటూరులో సొంత అంగడి ఉన్నవాణ్ణి, మీసాల మనిషిని, పచ్చచీర కప్పుకుని నడివీధిలో తిరిగి చూపించినా.

“ఎవురమ్మా ఈయన?” అని అడిగిందొకామె.

“మా డ్రైవరు” అంది అత్త.

ఒకామె ధర తగ్గించమని గీచి గీచి బేరమాడుతుంటే అలవాటు కొద్దీ నేను నోరు తెరిచినా. “నువ్వు ఊరుకో. ఈ బేరం నాది” అని గదమాయించింది. మూట సగమైంది.

తిరిగి వచ్చేటప్పుడు ఎర్రగుంట్ల దాటినాక నా చెవి వెనక లారీల కేకలు లేవు. నిద్రపోతోందేమోనని భయపడి అద్దంలో చూసినా. నిద్ర కాదు. నా మొగం చూడడంలేదు. పెన్న వంతెన మీద నుంచి ఇసుకను, ఆ కాస్త నీళ్లను చూస్తా ఉంది. చేతులు మూట మీద ఊరికే పడి ఉన్నాయి. ఆ మనిషి కుదురుగా ఉండగా నేను చూసింది అప్పుడే. మా నాయన చెప్పింది తప్పు. ఆమె కుదురుగా ఉండేది. కాకపోతే బండి పోతా ఉండాల.

అట్లా ఆ ఎండాకాలం, ఆ వానలు తిరిగింది. చలికాలంలో ఒక పొద్దు అరుగు మీద లేదు. హారను కొట్టినా రాలేదు. బామ్మర్ది వచ్చినాడు, చెప్పుల్లేకుండా.

ఇదిగో, ఇప్పుడు వాడు బండి కొంటున్నాడు, నలభై దాటినాక మొట్టమొదటిసారి. భార్య తన స్కూటరు మీద తాను పోతుంది. పిల్లలు స్కూలు ఆటోలో పోతారు. వాని వెనక కూచునేవాళ్లు ఎవరూ లేరు.

మెకానిక్కు పానా తిప్పుకుంటా మళ్లా అడిగినాడు. “పీకేయమంటారా సార్? ఎనక ఎవరన్నా కూచుంటారా?”

అప్పుడు చూసినా నేను ఆ బండిని. అంతసేపూ హెల్మెట్టు యావలో ఉన్నవాణ్ణి సరిగ్గా చూడనేలేదు. పొట్టి బండి. పొడుగు సీటు, చదును సీటు. వెనక కమ్మీ. ఇన్ని బండ్లుంటే వాడు దీన్నే చూపించి, “ఇది చాలు బావా” అన్నాడు. ఎందుకని నేనడగలేదు.

“ఎక్కి కూచోప్పా, చూద్దాం” అన్నా.

వాడు ఎక్కినాడు. నేను సీటు మీద అరచెయ్యి పెట్టి అదిమినా. కమ్మీ పట్టుకుని, పక్కకు తిరిగి, వాని వెనక కూచున్నా. షోరూంలో పనిచేసే పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నవ్వనీ. గెలుచుకున్న హెల్మెట్టును మూట మాదిరి ఒళ్లో పెట్టుకుని, చెయ్యి చాచి ఎడమ అద్దాన్ని లోపలికి తిప్పినా. వాని మొగం కనపడింది. పెదవి కొరుక్కుంటా ఉన్నాడు. అద్దంలో నన్ను చూసి కండ్లు తిప్పుకోలేదు.

“ఎట్లుండాది బావా?”

నేను కాలు కిందికి చాచినా. నేల తగిలింది.

“దిగేదానికి అరుగు అక్కర్లేదప్పా.”

వాడు కూచున్నచోట నుంచే ఎడమ చెయ్యి వెనక్కి చాచి, తడుముకుని, నా కాళ్ల పక్కన గార్డును పట్టుకున్నాడు. గేటును కదిపినట్టు గట్టిగా కదిపినాడు. అది కదల్లేదు.

“ఉండనీ” అన్నాడు మెకానిక్కుతో.